దారమక్క చదవని పేరు

మా విదేశీ పార్సిళ్ళ ఆఫీసులో నన్ను 'గొంతు' అంటారు. కౌంటరు ముందు బెంచీల మీద కూర్చున్న జనాన్ని టోకెన్ నంబరుతో పిలవడానికి నాకు మైకు అక్కర్లేదు. నోట్లో నువ్వుగింజ నానదని ఇంకో పేరు కూడా ఉంది. అబద్ధమని అనను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను దాచిన రహస్యం ఒకే ఒక్కటి, అదీ మూడు రోజులు. ఆ మూడు రోజుల్లోనే ఒక ఇంటికి తాళం పడినంత పనైంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు దారమక్క గురించి చెప్పాలి.

అక్క అసలు పేరు జీతాల జాబితాలో తప్ప మా ఆఫీసులో ఇంకెక్కడా కనపడదు. ఎడమ మణికట్టుకి ఎప్పుడూ నాలుగు చుట్లు పురికొస ఉంటుంది, అందుకని దారమక్క. పై దేశాల నుంచి వచ్చిన పార్సిల్ విప్పి, లోపలున్న వస్తువు కాగితం మీద రాసిన వస్తువేనా కాదా చూసి, మళ్ళీ కట్టేయడం ఆవిడ పని. విప్పడం ఎవడైనా విప్పుతాడు. పక్క బల్ల నాదే, నేనూ విప్పుతాను. కట్టడం దగ్గరే మా ఇద్దరికీ తేడా. నేను కట్టిన డబ్బా చూస్తే పోలీసులు సోదా చేసి పోయినట్టుంటుంది. అక్క కట్టింది చూస్తే ఎవరో మనింటికొచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళినట్టుంటుంది.

చిన్నతనంలో బట్టల కొట్లో పొట్లాలు కట్టేదట. అక్కడ నేర్చింది ఆ ముడి. రెండు కొసలు ఒకే పొడవు, ఒక కొస లాగితే మొత్తం ఊడివస్తుంది, కత్తెర అవసరం లేదు. నాకు నేర్పాలని ఒకటి రెండేళ్ళు ప్రయత్నించి, "నీ వేళ్ళకి చదువు రాదు తమ్ముడూ" అని వదిలేసింది.

ముడి కన్నా పెద్ద అలవాటు ఇంకోటుంది. పార్సిల్ బల్ల మీదకు రాగానే, పేరూ చిరునామా ఉన్న చీటీని లోపలికి మడిచి క్లిప్పు పెట్టేస్తుంది. వస్తువు ఏమిటి, దేనికోసం తెప్పించుకున్నారు, ఈ రెండు గడులే చదువుతుంది. ఎవరిదన్నది చూడదు. అన్నీ అయ్యాక చీటీ మడత విప్పి, పేరు రిజిస్టరులో ఎక్కించుకునే పని నాది.

దీనికో కారణముంది. చేరిన కొత్తలో ఒక డబ్బాలో మందులు వచ్చాయి, ఏ జబ్బువో సీసా మీదే రాసుంది. చీటీ చూస్తే ఎదురింటావిడ పేరు. ఆవిడ ఇంట్లో కూడా చెప్పుకోలేదు కాబోలు, రోజూ నవ్వుతూ పలకరించేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా అక్కకు దొంగతనం చేసినట్టుండేదట. "వస్తువు చూడటం నా ఉద్యోగం, మనిషిని చూడటం కాదు" అని ఆ రోజునుంచి చీటీ మడవడం మొదలుపెట్టింది. పిచ్చి అలవాటని నేను బోలెడుసార్లు వెక్కిరించాను. నా డబ్బాలు ఎవరెవరివో నాకు బాగా తెలుసు, వాళ్ళ గురించి టీ తాగేటప్పుడు చెప్పి నవ్విస్తుంటాను. అక్క మాత్రం నవ్వదు.

ఇక ఇల్లు. అక్క భర్త ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఆరేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మిగిలింది అక్కా, అత్తగారూ. ఆవిడ బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. వీళ్ళిద్దరూ ఒకరికొకరు ఉండి కూడా మంచివాళ్ళే. కాకపోతే మాట్లాడుకోరు. తగవేమీ లేదు. మధ్యలో ఉండి మాట కలిపే మనిషి పోయాడు, అంతే. "పాలు విరిగాయి", "కరెంటు పోయింది", ఇంతకు మించి రోజుల తరబడి మాట ఉండేది కాదు.

ఆ ఇంట్లో ఒక వీడియో గేమ్ కన్సోల్ ఉండేది. అక్క భర్త రేవులో ఎవరో నావికుడి దగ్గర కొన్నాడు, అప్పటికే అది పాతది. ఆ రకం మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. అందులో ఒకటే ఆట. ఒక పడవ, రెండు తెడ్లు. కుడి తెడ్డు ఒకరిది, ఎడమ తెడ్డు ఇంకొకరిది. ఇద్దరూ ఒకే లయలో వేస్తే పడవ ముందుకు పోతుంది, రాళ్ళూ సుడులూ తప్పించుకోవాలి. కొడుకూ తల్లీ రోజూ సాయంత్రం ఆడేవారు. ఓడిపోయినప్పుడల్లా హెడ్మిస్ట్రెస్‌గారు కంట్రోలర్ పాడైందనేదట. ఆడలేక మద్దెల ఓడంటున్నావని కొడుకు ఏడిపించేవాడు. ఆ ఇంట్లో కంట్రోలర్ని కూడా తెడ్డనే అంటారు.

అతను పోయిన రెండో నెలలో అక్క ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు టీవీ ముందు కూర్చుని ఒక్క తెడ్డే వేస్తోంది. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. అక్క చేతిసంచీ గుమ్మంలోనే పెట్టి, పక్కన కూర్చుని రెండో తెడ్డు అందుకుంది. పడవ కదిలింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒక్క సాయంత్రం తప్పలేదు. ఆట ఆడేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు కదా, మాటలు వాటంతటవే వచ్చేవట. "కుడికి!" "రాయి, రాయి!" మధ్యలో "వాడికి ఈ మలుపు ఎప్పుడూ తిరిగేది కాదు." "అవును అత్తయ్యా, నాతో ఆడినప్పుడు కూడా పడవని ఇక్కడే రాయికి కొట్టించేవారు." అతని గురించి వాళ్ళు మాట్లాడుకున్నదంతా అలా తెర వైపు చూస్తూనే.

రెండు నెలల క్రితం కన్సోల్ ఆగిపోయింది. టీవీలు బాగుచేసే మేస్త్రి వచ్చి, మూత తీసి, లోపల ముఖ్యమైన చిప్పు మాడిపోయిందనీ, ఇలాంటిదే ఇంకోటి పై దేశం నుంచి తెప్పించుకోవడం తప్ప దారి లేదనీ చెప్పి వెళ్ళాడు. ఇల్లు మళ్ళీ పాలు విరగడం, కరెంటు పోవడం దగ్గరికొచ్చింది. దానికి తోడు ఆడపడుచు ఫోన్లు మొదలయ్యాయి. "అమ్మా, అక్కడ నీకేముందని? నా దగ్గరికొచ్చెయ్." అత్తగారు పక్కగదిలోకి వెళ్ళి మాట్లాడేది.

"ఆవిడ వెళ్ళిపోతుందేమోనని భయంగా ఉంది తమ్ముడూ" అని నాతో ఒకసారి అంది అక్క. "కొత్తది తెప్పిద్దామని నేననొచ్చు. కానీ కూతురి దగ్గరికి వెళ్ళాలనుకునే మనిషిని ఆటబొమ్మ చూపించి ఆపినట్టుండదూ? ఉండాలని ఆవిడకే ఉంటే ఆవిడే ఉంటుంది." అడగందే అమ్మైనా పెట్టదక్కా అని నేనన్నాను. వినలేదు.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం, పొద్దున పదకొండుకి, అక్క బల్ల మీదకు ఒక డబ్బా వచ్చింది. ఎప్పట్లాగే చీటీ మడిచింది, క్లిప్పు పెట్టింది, టేపు కోసింది. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. చూస్తే, డబ్బాలో చేతులు పెట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"ఏమైందక్కా?"

"మా ఇంట్లో దానిలాంటిదే. అచ్చం అదే."

పాత కన్సోల్, రెండు కంట్రోలర్లు. అక్క కాగితం నావైపు తిప్పింది. దేనికోసం అన్న గడిలో జనం అందరూ 'సొంత వాడకానికి' అని రాస్తారు. నాకు తెలిసి అంతకు మించి ఎవరూ రాయలేదు. ఇందులో 'ఇద్దరం ఆడుకోవడానికి' అని టైపు చేసి ఉంది.

"చూశావా ఎంత బాగా రాశారో" అంది అక్క. "ఎవరో అదృష్టవంతులు."

పంపినవాడు దాన్ని పాత కాగితాల్లో కుక్కి పంపాడు. అక్క అవన్నీ తీసి పారేసింది. కొత్త అట్ట తెచ్చి లోపల నాలుగు గోడలు నిలబెట్టింది. ఒక్కో తెడ్డు వైరునీ మెలిపడకుండా చుట్టి, విడివిడిగా బుడగల కాగితంలో పెట్టింది. కన్సోల్‌ని మెత్తటి గుడ్డతో తుడిచింది, అది మా పని కాదు. ముప్పావుగంట పట్టింది. వెనకాల పదకొండు డబ్బాలు పేరుకుపోయాయి.

"పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నావా అక్కా" అన్నాను.

"ఇది దెబ్బతింటే ఆ ఇంట్లో ఏమవుతుందో నీకు తెలీదు" అంది తలెత్తకుండా. ముడి వేసి, చేత్తో ఒకసారి నిమిరి, నా బల్ల మీద పెట్టి, టీకి వెళ్ళింది.

నేను రిజిస్టరు తెరిచి చీటీ మడత విప్పాను. అది అక్క పేరే. చిరునామా అక్క ఇల్లే. ఆర్డరు పెట్టినవారు అన్న చోట హెడ్మిస్ట్రెస్‌గారి పేరు.

మా ఆఫీసులో ఒక కచ్చితమైన నిబంధన ఉంది. మన ఇంటి పార్సిల్ మన చేత్తో పరీక్షించకూడదు, పక్క బల్లకు ఇచ్చేయాలి. ఇచ్చేయాలంటే మనదని తెలియాలి కదా! చీటీ మడిచే మనిషికి ఎలా తెలుస్తుంది? సూపరింటెండెంటుగారి దాకా పోతే విచారణ, సంజాయిషీ, ఆ డబ్బా బీరువాలో ఆరు నెలలు. అందుకని అక్క వచ్చేలోగా నేనే దాన్ని మళ్ళీ విప్పి, చట్టప్రకారం చూసి, నా సంతకం పెట్టాను. మళ్ళీ కట్టాను. ఆ ముడి మాత్రం మూడుసార్లు వేసినా నా చేతికి రాలేదు. చివరికి ఏదో ఒక గడ్డ కట్టి వదిలేశాను.

అక్కకు చెప్పలేదు. అత్తగారు ఆశ్చర్యపరుద్దామని తెప్పించారు, మధ్యలో నేనెవర్ని? అక్క పేటకు బండి వెళ్ళేది గురువారం. అప్పటిదాకా ఎలాగో నోరు మూసుకుంటే చాలనుకున్నాను. మంగళవారం అక్క ఎదురుపడినప్పుడల్లా వక్కపొడి నములుతున్నట్టు నటించాను. నా అంత గొప్పవాడు లేడనుకున్నాను.

బుధవారం పొద్దున అక్క కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వెళ్ళిపోతున్నారు తమ్ముడూ. ఇవాళ సాయంత్రం రైలుకి. రాత్రే సూట్‌కేసు సర్దేసుకున్నారు."

"ఉన్నట్టుండి ఎందుకు?"

"ఏమో. సోమవారం నేను ఇంటికెళ్ళగానే, ఇవాళ ఆఫీసులో ఏమన్నా విశేషమా అని అడిగారు. ఎప్పుడూ అడగరు. మనదానిలాంటి కన్సోల్ చూశానని నోటిదాకా వచ్చింది. గుర్తుచేస్తే బాధపడతారని, ఏముంటుంది అత్తయ్యా, మామూలే అన్నాను. నిన్న మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ అదే చెప్పాను. లేచి లోపలికెళ్ళి కూతురికి ఫోన్ చేశారు."

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ పార్సిల్ కోడలి పేరు మీద పెట్టింది. ఈ ఆఫీసు సంగతి ఆవిడకు తెలుసు. కోడలి చేతుల మీదుగానే పోతుందని తెలుసు. ఆర్డరు ఆ టీవీ మేస్త్రి చేతే పెట్టించి ఉంటుంది, పరీక్ష పూర్తయిందని సోమవారమే అతని ఫోనుకు కబురు వెళ్ళి ఉంటుంది. చూసి కూడా కోడలు ఒక్క మాటా అనలేదు. అంటే ఇష్టం లేదన్నమాట. ఆవిడ అలా అనుకోక ఏమనుకుంటుంది? అక్క చీటీ మడుస్తుందని ఆవిడకు ఎవరు చెప్పారు? ఊరందరి సంగతులూ చెప్పే నేను చెప్పాల్సిన ఒక్క రోజు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"అక్కా, నన్ను తిట్టు" అన్నాను. "ముందు ఇది చూడు." రిజిస్టరు తెరిచి ఆ వరుస చూపించాను.

ముందు పేరు చదివింది. తర్వాత ఇంటి నంబరు. తర్వాత వేలు పక్కకు జరిపి 'ఇద్దరం ఆడుకోవడానికి' అన్న చోట ఆపింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రిజిస్టరు మూసి, "నిబంధన" అంది.

"నేను మళ్ళీ విప్పి చూశాను. సంతకం నాదే. అంతా సరిగ్గానే ఉంది."

"నాకిప్పుడు ఇస్తావా?"

"తీసుకో, అదిగో అక్కడుంది."

"లోపలివైపు నుంచి కాదు" అంది. సెలవు చీటీ రాసి సూపరింటెండెంటుగారి బల్ల మీద పెట్టి, వెనక గుమ్మంలోంచి బయటికెళ్ళి, చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. టోకెన్ తీసుకుని, బెంచీ మీద జనం మధ్యలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు కాలిపోతున్నా వరసలో నిలబడి నీళ్ళు పట్టే మనిషి. నేను ముందున్న ఆరు నంబర్లూ ఒక్క ఊపిరిలో పిలిచి పంపించేశాను. ఏడోది పిలిచేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

"పేరు?" అన్నాను. అడగాలి, నిబంధన.

చెప్పింది. ఆ పేరు ఆవిడ నోటంట వినడం నాకదే మొదటిసారి.

తప్పు నాది కాబట్టి డబ్బా మోసుకుని నేనూ వెంట వెళ్ళాను. మూడంతస్తులు ఎక్కాం. తలుపు తీసే ఉంది. హెడ్మిస్ట్రెస్‌గారు ప్రయాణపు చీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. పక్కన సూట్‌కేసు, దాని మీద మంచినీళ్ళ సీసా. నా చేతిలో డబ్బా చూసింది కానీ ముఖంలో ఏ మార్పూ లేదు.

"సోమవారమే మీ ఆఫీసుకొచ్చిందటగా" అంది కోడలితో.

"వచ్చింది అత్తయ్యా."

"విప్పావు, చూశావు, కట్టావు. ఇంటికొచ్చి ఏముంటుంది మామూలే అన్నావు. నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది అమ్మాయ్. నేనేమన్నా అనేదాన్నా? మీ ఆఫీసే కదా, నీ పేరు చూడగానే నవ్వుకుంటావనుకున్నాను."

"నేను పేరు చూడను అత్తయ్యా."

"పేరు చూడకపోవడమేమిటి?"

"ఎవరిదీ చూడను. చీటీ మడిచేస్తాను."

"నీ సొంత పేరు కూడానా?"

"మడిచేశాక సొంతదో పరాయిదో ఎలా తెలుస్తుంది?"

ఆవిడ నావైపు తిరిగింది. బళ్ళో నన్ను అలా చూసినవాళ్ళు ఉన్నారు. "నిజమేనా నాయనా?"

"నిజం టీచరుగారూ. ఈవిడకా జబ్బు ఇరవై ఏళ్ళ నుంచి ఉంది. చూసింది నేను. చెప్పకుండా ఊరుకున్నదీ నేనే."

ఆవిడ డబ్బాను దగ్గరికి లాక్కుంది. ముడి చూసి ముఖం చిట్లించింది. "ఇదెవరు వేశారు?"

"నేనే."

"అనుకున్నాను" అని కత్తెర తెప్పించుకుని కోసింది.

లోపల మాత్రం అక్క కట్టింది కట్టినట్టే ఉంచాను, అదొక్కటే నేను చేసిన మంచి పని. ఆవిడ అట్ట గోడలు ఒక్కొక్కటీ తీసింది. చుట్టిన వైర్లు వేలితో తడిమింది. బుడగల కాగితం విప్పి తెడ్డు చేతిలోకి తీసుకుని, తుడిచిన మెరుపు చూసి ఆగింది.

"ఇంత శ్రద్ధగా ఎవరికనుకుని కట్టావు?"

"తెలీదు అత్తయ్యా. ఎవరో ఇద్దరు ఆడుకోవడానికని రాసి ఉంది. దెబ్బ తగలకుండా వాళ్ళకి చేరాలనుకున్నాను."

హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది, కళ్ళు కాదు, అద్దాలే. చాలాసేపు తుడిచింది.

"మేస్త్రి సొంత వాడకానికని రాస్తానన్నాడు. నా ఒక్కదానికైతే దండగ, ఇద్దరం అని రాయమన్నాను" అంది. కళ్ళజోడు పెట్టుకుని, రెండో తెడ్డు కూడా విప్పి కోడలి చేతిలో పెట్టింది. "చేరిందిలే అమ్మాయ్."

అక్క ఏడ్చింది. నేను టీవీ వెనక దూరి వైర్లు కలిపాను, అక్కడైతే నా ముఖం ఎవరికీ కనపడదు. తెర మీద నీళ్ళు వచ్చాయి, పడవ వచ్చింది. అక్క చేతిసంచీ ఇంకా భుజానికే ఉంది. ప్రయాణపు చీర నలిగిపోతుందని కూడా చూసుకోకుండా ఆవిడ కింద కూర్చుంది.

"నాయనా, ఆ సూట్‌కేసు తీసి అటక మీద పెట్టు" అంది తల తిప్పకుండా.

ఎత్తి చూస్తే బాగా బరువుంది. "టీచరుగారూ, బట్టలు తీసేసి పెట్టమంటారా, ఇలాగే పెట్టెయ్యనా?" అని అడిగాను.

"కుడికి, కుడికి!" అంటోంది అక్క.

"నేను వేస్తూనే ఉన్నాను, ఈ తెడ్డే పనిచెయ్యట్లేదు!"

నా గొంతు ఎంతటిదో మీకు ముందే చెప్పాను. రెండోసారి ఇంకా గట్టిగా అడిగాను. అయినా ఆ ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.